ఆరుబయట దివాన్ కోసం మూడు బసలు తిరిగాం

పెరట్లో గచ్చు వేయించి ఆర్నెల్లయింది. సాయంత్రం పూట అమ్మ నడుం వాల్చడానికి, సెలవు రోజు నేను పుస్తకం పట్టుకుని పడుకోవడానికి అక్కడో దివాన్ వేసుకోవాలని మా ఆశ. దుకాణంలో పది నిమిషాలు కూర్చుని చూసి కొనే వస్తువు కాదిది. వానకీ ఎండకీ మంచుకీ అదెలా ఉంటుందో దుకాణంలో తెలియదు. అందుకే ఈసారి సెలవులకు బస వెతికేటప్పుడు ఆరుబయట మంచాలున్న చోట్లే చూశాను. మూడు చోట్ల రెండేసి రాత్రులు ఉన్నాం. చేతిసంచిలో టేపు కూడా వేసుకెళ్ళాను.

మొదటిది సముద్రం ఒడ్డున రిసార్టు. గది ముందే గుండ్రటి డేబెడ్, అడ్డంగా 180 సెంటీమీటర్లు, పైన మడత గొడుగు, చుట్టూ ప్లాస్టిక్‌తో చేసిన కృత్రిమ కేను అల్లిక. ఆ సాయంత్రం దాని మీద వెల్లకిలా పడుకుని అలల చప్పుడు వింటుంటే ఇదే కొనేద్దాం అనిపించింది. తెల్లారి లేచి వెళ్ళి చెయ్యి పెడితే పరుపంతా తడి. రాత్రి చినుకు కూడా పడలేదు. ఆకాశం కింద బయలుగా ఉన్న ఏ వస్తువైనా రాత్రంతా తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. గాలిలోని తేమ దాని మీద నీరై దిగుతుంది. అయితే పరుపు మూల పట్టుకుని పిండితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. అంటే రాత్రి మంచు ఒక్కటే కాదు, ఎప్పటి వానో కూడా అందులోనే ఉందన్నమాట. మామూలు ఫోమ్ నీళ్ళు తాగుతుంది గానీ తొందరగా వదలదు. గలేబు జిప్పు జానెడు తీసి చూశాను. ఫోమ్ అంచు పొడవునా మిరియాలు చల్లినట్టు నల్లటి బూజు చుక్కలు, ముక్కు పెట్టలేని ముక్కిన వాసన.

రాత్రిళ్ళు పరుపులు లోపల పెట్టరా అని అక్కడి అబ్బాయిని అడిగాను. "ఇలాంటివి చాలా ఉన్నాయి సార్, మేం ఇద్దరమే" అన్నాడు. అతని తప్పేం లేదు. ఆ పరుపు ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు, లేచినా పెట్టే చోటు లేదు. మా ఇంట్లో మాత్రం రోజూ దాన్ని ఎవరు మోస్తారు? మిగిలిన ప్రయాణమంతా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

అల్లికలో ఎండ తగిలే వైపు పగిలిపోయి, విరిగిన కొసలు మోచేతికి గీసుకున్నాయి. కృత్రిమ కేనులో పాలిథిలిన్‌ది ఎండకు బాగా ఓర్చుకుంటుంది, పీవీసీది త్వరగా పెళుసుబారుతుంది. రెండూ కొత్తలో ఒకేలా మెరుస్తాయి కాబట్టి కొనేటప్పుడు అడిగి తెలుసుకోవాల్సిందే. వంగి అడుగున చూస్తే ఫ్రేము అల్యూమినియమే గానీ స్క్రూలు మామూలు ఇనుపవి. ఒక్కో స్క్రూ కింద గచ్చు మీద బొట్టు బిళ్ళంత తుప్పు మరక. ఉప్పుగాలి తగిలే చోట స్టెయిన్‌లెస్ స్టీలులో కూడా 304 రకం చాలదు, మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 కావాలి. రెండో రోజు గాలి లేచినప్పుడు గొడుగు తెరిచి ఉండటంతో మంచం మంచమే జరిగింది. గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది. గొడుగు ఆశ ఆ రోజే వదులుకున్నాను. ఈ బసకి సముద్రం కోసం వెళ్ళొచ్చు, గది కూడా శుభ్రంగానే ఉంది. ఆ మంచం మాత్రం వద్దు.

రెండోది కొండ మీద. అక్కడ వరండాలో గొలుసులతో వేలాడే మంచం. అమ్మ కూర్చోబోతే వెనక్కి జరిగింది. "నాకొద్దురా ఇది, కాలు ఆనదు" అంది. మళ్ళీ దాని జోలికి పోలేదు. కానీ రెండు రోజులూ తెల్లారేసరికి పరుపు పొడిగా ఉంది, చుట్టూ గడ్డి మీద మంచు ఉన్నా సరే. పైన కప్పు ఉంటే ఆకాశం వైపు వేడి పోదు. ఖరీదైన గుడ్డ కంటే ముందు కప్పు అంచు చూసుకోవాలని అక్కడ అర్థమైంది.

మూడోది తోట మధ్యలో చిన్న ఇల్లు. ఫోన్ చేస్తే రెండు రోజులకు గానీ బదులు రాలేదు, గది ఇరుకు. అయినా మళ్ళీ వెళ్తాను. పాత టేకు దివాన్ ఒకటి వసారా చివర వేసి ఉంది. రంగు వెలిసి వెండి బూడిద రంగుకు తిరిగింది. నూనె పూయరా అని అడిగితే ఆ ఇంటావిడ "ఎందుకండీ, దాని నూనె దానికుంది" అంది. నిజమే, టేకులో సహజంగానే నూనె ఉంటుంది. రంగు మారినంత మాత్రాన చెక్క పాడైనట్టు కాదు. పైన వేలు దూరేంత సందులతో పట్టీలు. పరుపు పది సెంటీమీటర్ల మందం, రెండు ముక్కలుగా ఉంది. ఒక్కో ముక్కను అమ్మ ఒక్క చేత్తో ఎత్తింది. గోడ పక్కనే మూత ఉన్న చెక్కపెట్టె. రోజూ చీకటి పడేముందు ఆవిడ ఆ రెండు ముక్కలూ అందులో పెట్టి మూత వేసేది. రెండో మధ్యాహ్నం జల్లు పడింది. పట్టీల మీద నీరు నిలవకుండా కిందికి జారిపోయింది. పైన ఓసారి తుడుచుకుని సాయంత్రానికి మళ్ళీ అక్కడే కూర్చున్నాం. గలేబు కుట్టు దగ్గర ఒక దారం ఊడితే పురి విప్పి చూశాను. లోపలి పోగుల్లో కూడా పై రంగే ఉంది. దారం తీయక ముందే రంగు కలిపిన యాక్రిలిక్ అది. ఎండకు ఇలాంటి గుడ్డే నిలుస్తుంది.

మొదటి రోజు మాత్రం ఆ దివాన్ మీద పడుకుంటే తల బరువుగా అనిపించింది. నీళ్ళ సీసా అడ్డంగా పెడితే నెమ్మదిగా తల వైపుకే దొర్లింది. గచ్చుకు నీరు పోయేందుకు వాలు ఇస్తారు కదా, 50కి 1 వాలైతే రెండు మీటర్ల మంచానికి ఓ చివర నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది. మంచం తిప్పి తల ఎగువకు పెట్టాక హాయిగా ఉంది. దాని లోపం ఇంకొకటి. వెడల్పు 80 సెంటీమీటర్లు. పడుకోవడానికి బాగుంది గానీ వెనక్కి ఆనుకుని కూర్చుంటే వీపు అందదు, వెనక రెండు బాలీసులు ఉండాల్సిందే.

ఇంటికొచ్చాక గచ్చు మీద పాత పేపర్లు 80కి 195 కొలతకి పరిచాం. తలుపు తెరిస్తే మూల తగిలింది. పక్కకు జరిపి, నడవడానికి 75 సెంటీమీటర్లు వదిలి, తల ఎగువకు ఉండేలా, కప్పు అంచుకు లోపల చోటు కుదుర్చుకున్నాం. రోజూ అటూ ఇటూ జరిపేదైతే తేలిగ్గా ఉండే అల్యూమినియమే తీసుకునేవాణ్ణి. ఇది కదలదు కాబట్టి టేకు చెప్పాం. కాళ్ళ కొసల్లోంచి చెక్క నీరు పీల్చకుండా కింద రబ్బరు బుష్షులు వేయమన్నాను. పరుపుతో కలిపి ఎత్తు ఎంత కావాలని వడ్రంగి అడిగాడు. అమ్మ ఇంట్లో ఉన్న కుర్చీలూ స్టూళ్ళూ ఒక్కోటీ కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి చూసింది. నాలుగోదాని మీంచి లేచి "ఇదీ" అంది. టేపు పెట్టాను. 46.