రోడ్డు అడిగే ముందు గడప కొలవండి

కొత్తపేట నుంచి ఒకాయన, తోటపాలెం నుంచి ఇద్దరు, శ్రీకాకుళం బలగ నుంచి మా తోడల్లుడు. నెల రోజులుగా అందరిదీ ఒకే ప్రశ్న. "మా వీధికి రోడ్డు వేస్తామంటున్నారు. సిమెంటుదే అడగాలా, తారుదా, లేక పక్కపక్కన పేర్చే ఆ సిమెంటు పేవర్ బ్లాకులా?" పనుల దగ్గర టేపు పట్టుకుని 30 ఏళ్లు నిలబడ్డవాడిని కనుక నన్నడుగుతున్నారు. అదీకాక విజయనగరంలో మా వీధివాళ్లం ఈ మధ్యే ఇదే తగువు పడి, ఒక దారికి వచ్చాం.

వార్డు సచివాలయంలో అర్జీ ఎలా పెట్టాలో, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఎవరిని ముందు నిలబెట్టాలో మీకు తెలుసు. ఆ సంగతి నాకొద్దు. నేను మాట్లాడేది ఇళ్ల మధ్య వీధి రోడ్డు గురించే.

అడిగినవారిలో ఒక్కరి నోటా రాని ప్రశ్న ఒకటుంది. రోడ్డు వేశాక మా గడప ఎంత ఎత్తున మిగులుతుంది? నా దృష్టిలో మిగతావన్నీ దాని తరువాతే.

పాత ఊరి వీధుల్లో ఒకసారి నడిచి చూడండి. ఒకప్పుడు మూడు మెట్లెక్కి కూర్చున్న అరుగులు ఇప్పుడు రోడ్డుతో సమానంగా కనిపిస్తాయి. కొన్ని ఇళ్లలోకి మెట్టు దిగి వెళ్లాలి. ఇల్లు కుంగలేదు, వీధి పెరిగింది. పాత రోడ్డును పెళ్లగించి తీసుకుపోవడం ఖర్చు, దుమ్ము, రెండు రోజుల తలనొప్పి. దాని మీదే ఇంకో పొర పరిస్తే పని సాయంత్రానికి అయిపోతుంది. సీసీ, అంటే సిమెంటు కాంక్రీటు, పొర 6 అంగుళాలనుకోండి. మూడుసార్లు వేస్తే అడుగున్నర. మా వీధి మొదట్లో ఉండే మామ్మగారు ఒకరోజు నన్ను ఆపి, "బాబూ, ముందు రోడ్డు మా ఇంటి ఎదురుగా ఉండేది. ఇప్పుడు మా ఇంటి మీద ఉంది" అన్నారు. నవ్వాను గాని, వాన పడితే వీధిలో నీరు కాలువ మాట మరచిపోయి ఆవిడ నడవలోకే దారి తీస్తుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండు తుఫానులూ అక్టోబరులోనే వచ్చాయి. ఇటువంటి జిల్లాల్లో రోడ్డు కన్నా ఇల్లు పల్లంలో ఉండడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

ఈ కొలబద్దతో ఒక్కొక్కటీ చూద్దాం.

సీసీ రోడ్డంటే జనానికి మోజు. ఆ మోజులో తప్పు లేదు. సరిగ్గా వేస్తే 20 ఏళ్లు తిరిగి చూడక్కర్లేదు, నీరు నిలిచినా గుల్లబారదు. ఆ "సరిగ్గా" అన్న మాట దగ్గరే పేచీ. పోసిన తరువాత కనీసం 14 రోజులు తడి ఆరకూడదు. గోనె సంచులు కప్పి తడుపుతారో, మట్టి గట్లు కట్టి నీరు నిలుపుతారో వాళ్ల ఇష్టం. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు లెక్క కడతారు. మన వీధుల్లో మూడో రోజుకే మోటారు సైకిల్ ఎక్కేస్తుంది, నాలుగో రోజుకు గ్యాసు బండి. ఇంకొకటి, కాంక్రీటు పోసిన మరుసటి రోజుకల్లా నాలుగైదు మీటర్లకొక గాటు కోయాలి. కోయకపోతే రోడ్డే తనకు నచ్చినచోట పగులుతుంది.

మందం సంగతి మీరే చూసుకోవచ్చు. వీధి పొడవు 100 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు అయితే 60 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఘనపు మీటరుకు 7 బస్తాల సిమెంటు వేసుకున్నా 420 బస్తాలు. మందం 10 సెంటీమీటర్లకు దిగితే 140 బస్తాలు మిగిలిపోతాయి. ఎవరికి మిగులుతాయో నేను చెప్పను. అంచుల్లో బిగించిన ఇనుప రేకు ఎత్తు కొలవండి, ఆపైన ఆ రేకుల మీద అడ్డంగా దారం లాగి మధ్యలోనూ కొలవండి. కాంక్రీటు పోశాక కొలవడానికి ఏమీ మిగలదు.

సీసీకి రెండో చిక్కు తవ్వకాలు. మన పట్టణాల్లో మంచినీటి పైపులు, కుళాయి కనెక్షన్లు, మురుగు గొట్టాలు అన్నీ రోడ్డు కిందే. మా బంధువుల వీధిలో కొత్త సీసీ వేసిన మూడో నెలలో పైపు కోసం నట్టనడుమ కోశారు. కోసిందెవరో ఇక్కడ అనవసరం. అతుకు వేశారు, మొదటి వానకే అతుకు దిగింది. ఇప్పుడు అక్కడ ఆటో ఎగిరిపడని రోజు లేదు. కాంక్రీటును కోయడం సులువే, అతకడమే ఎవరికీ చేతకాదు.

తారు రోడ్డు గురించి ఎక్కువ రాయను. పొర పలచన, అంగుళం నుంచి అంగుళంన్నర, కనుక గడపకు సీసీ అంత ముప్పు లేదు. చల్లారగానే ఆ పూటే బండి ఎక్కించవచ్చు. కాని తారుకు నీరే యముడు. కాలువ సరిగా లేని వీధిలో తారు వేయించుకోవడం కాగితపు పడవలో సరుకు వేసుకోవడమే. చిన్న వీధిలోకి రోలరు తిరగనివ్వని మలుపులూ ఉంటాయి. ఇక ఉత్త గ్రావెల్ పరిచి ఊరుకోవడమంటే అడిగినవారి నోరు ఒక వానాకాలం మూయించడానికే.

ప్రధాన రహదారికైతే లెక్క వేరు. ఆర్టీసీ బస్సులు ఆగే చోట తారు అలలుగా ముందుకు తోసుకుని ఉండడం మీరు చూసే ఉంటారు. బరువైన బండి అదే చోట రోజూ బ్రేకు వేస్తే తారు జరుగుతుంది, మీద డీజిల్ చుక్కలు పడితే మరీ మెత్తబడుతుంది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం చేసిన స్త్రీశక్తి పథకం మొదలైన దగ్గర నుంచి పల్లెవెలుగు బస్సు ఎంత నిండుగా వచ్చి ఆగుతోందో మా ఊరి మూడు లాంతర్ల కూడలి వైపు తిరిగేవారికి తెలుసు. రోడ్డంతా తారు పోసినా ఆ ఆగే జాగా మటుకు కాంక్రీటు చేయాలి. మన వీధిలోకి బస్సు రాదు కనుక ఇంతటితో ఆపుతాను.

నా మనసు పేవర్ బ్లాకుల వైపే మొగ్గుతుంది. దాచడమెందుకు? వాటి లోపాలు నాకు తెలుసు. కింద గట్టిగా దిమ్మిస కొట్టకపోతే వారానికో బ్లాకు దిగుతుంది, పెద్దవాళ్ల కాలికి తగులుతుంది. సందుల్లో గడ్డి మొలుస్తుంది, చీమలు ఇసుక తోడేస్తాయి. రెండు అంచులా గట్టి కాంక్రీటు కట్టు లేకపోతే బ్లాకులు పళ్లు ఊడినట్టు పక్కకు జరుగుతాయి. ఇవన్నీ వేసేటప్పుడు చూసుకోవాల్సినవి. ఆటోలు తిరిగే వీధికి 80 మిల్లీమీటర్ల బ్లాకు అడగండి. 60 మిల్లీమీటర్లది కాలిబాటకు, ఇంటి పెరటికి. దాని కింద ఇసుక పొర 3 సెంటీమీటర్లు చాలు. గుంతల్ని ఇసుకతో నింపి సమం చేస్తే ఆ ఇసుకే తరువాత కొంప ముంచుతుంది.

అంత జాగ్రత్త పడ్డాక దక్కేదేమిటంటే, పైపు పగిలితే నాలుగు వరసలు ఊడదీసి, పని చేసుకుని, మళ్లీ అవే బ్లాకులు పేర్చవచ్చు. ఎక్కడైనా దిగితే ఆ చోటే లేపి సరిచేయవచ్చు. ఏ మరమ్మతుకూ రోడ్డు ఒక్క అంగుళం పెరగదు. ఈ సుగుణం తారుకు లేదు, సీసీకి అసలే లేదు. మామ్మగారి గడప ఈ ఏడు ఎక్కడుందో పదేళ్ల తరువాతా అక్కడే ఉంటుంది.

అమెరికాలో చాలా ఊళ్లలో వీధికి రోడ్డు వేస్తే, ఇంటి ముందు ఎన్ని అడుగుల రోడ్డుందో కొలిచి ఆ లెక్కన ఇంటివారి నుంచి వసూలు చేస్తారు. మా అబ్బాయి ఆ సంగతి చెబితే ముందు అన్యాయమనిపించింది. తరువాత ఆలోచిస్తే, అలా బిల్లు వస్తే మనవాళ్లు ప్రతి బస్తానూ లెక్కపెట్టేవారే. మన దగ్గర ఇంటి పన్ను 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. రోడ్డుకని విడిగా బిల్లు రాదు. డబ్బు మనదే అయినా మన చేతి మీదుగా పోలేదు కనుక, పని రోజున అరుగు మీద కూర్చుని టీ తాగుతూ చూస్తాం.

మా వీధిలో 31 ఇళ్లు. అర్జీలో బ్లాకుల మాట రెండో వాక్యంలో రాశాం. మొదటి వాక్యం, పాత రోడ్డు తీసిన తరువాతే కొత్తది వేయాలని. దాని వెనుక ప్రతి ఇంటి గడప రోడ్డుకు ఎంత ఎత్తులో ఉందో కొలిచిన పట్టిక జతచేశాం. మామ్మగారి ఇంటి ఎదుట రాసిన అంకెకు ముందు మైనస్ గుర్తు ఉంది. సంతకాలకు తిరిగినప్పుడు ఇద్దరు మాత్రం సీసీయే కావాలని పట్టుబట్టారు. వాళ్లవి కొత్త ఇళ్లు, నాలుగడుగుల ఎత్తున కట్టుకున్నారు.

బలగలో ఉన్న తోడల్లుడికి మాత్రం వేరే జవాబిచ్చాను. వాళ్ల వీధి చివర ఇసుక దింపే స్థలముంది, రోజూ లారీలు తిరుగుతాయి. ఆ బరువుకు వీధుల్లో వేసే మామూలు బ్లాకులు నిలవవు. "నువ్వు సీసీయే అడుగు. కాని కింది పైపులు మార్చేవి ఉంటే ముందు మార్పించు, పాతది పెళ్లగించందే కాంక్రీటు దింపనివ్వకు" అన్నాను. గడప కొలిచావా అని అడిగితే, కొలవలేదన్నాడు.