పాత జిప్సీ కింగ్ ట్రాన్స్‌ఫర్ కేస్: విప్పించే ముందు ఇవి చూసుకోండి

పాత మారుతి జిప్సీ కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే: "కింద మోత వస్తోందండీ, ట్రాన్స్‌ఫర్ కేస్ పోయినట్టేనా?" గేర్ బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక ఇరుసులకి పంచే పెట్టే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇక్కడ ఊరికే బాక్సు అంటే ఇదే). పదేళ్లకు పైగా జిప్సీ కింగ్‌ని రంపచోడవరం, మారేడుమిల్లి ఏజెన్సీ రోడ్ల మీద, తోట పనులకు వాడుతున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నా, చాలాసార్లు పోయేది అది కాదు. దాన్ని పట్టి ఉంచే రబ్బర్లు పోతాయి, లేదంటే దానికి అటూ ఇటూ ఉన్న షాఫ్టుల క్రాసులు (షాఫ్టు చివర కీళ్లు) పోతాయి. నింద మాత్రం బాక్సు మీద పడుతుంది.

1985లో వచ్చిన మొదటి జిప్సీ 970 సీసీ బండి. 1996లో వచ్చిన కింగ్‌కి 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజన్ పెట్టారు. ట్రాన్స్‌ఫర్ కేస్ అమరిక మాత్రం మారలేదు. అది గేర్ బాక్సుకు అతుక్కుని ఉండదు. కొంచెం వెనక, ఛాసిస్‌కి రబ్బరు మౌంటింగుల మీద విడిగా వేలాడుతూ ఉంటుంది. గేర్ బాక్సు నుంచి చిన్న ప్రొపెల్లర్ షాఫ్ట్ దాన్ని తిప్పుతుంది. చాలా ఫోర్ వీల్ బళ్లలో హై రేంజిలో శక్తి నేరుగా వెళ్లిపోతుంది. ఇందులో అలా కాదు, హైలో కూడా 1.409 నిష్పత్తితో గేర్ల పళ్ల మీదుగానే వెళ్తుంది. లో రేంజి అయితే 2.268. అందుకే టూ హెచ్‌లో (వెనక చక్రాలకే శక్తి వెళ్లే హై రేంజిలో) మామూలు రోడ్డు మీద పోతున్నా సన్నగా ఈల వేసినట్టు ఒక మోత ఉంటూనే ఉంటుంది. కొత్త కార్ల నుంచి దీనికి మారినవాళ్లకి టెన్షన్ పుట్టించేది ఇదే. ఆ మోత ఎప్పుడూ ఒకేలా ఉంటే వదిలేయండి. ఈమధ్యే పెరిగినా, గరగరమని మారినా అప్పుడు వెతకాలి.

వెతకడానికి ఈ బండిలో ఉన్నంత వీలు ఇంకెక్కడా చూడలేదు. చదునైన చోట ఆపి, చక్రాలకి రాళ్లు పెట్టి, ట్రాన్స్‌ఫర్ లివర్‌ని న్యూట్రల్‌లో వేయండి. ఇప్పుడు గేర్ బాక్సుని మూడులోనో నాలుగులోనో వేసి క్లచ్ వదలండి. బండి కదలదు, స్పీడోమీటరు ముల్లు కూడా లేవదు, కానీ చిన్న షాఫ్టూ బాక్సు లోపలి ఇన్‌పుట్, కౌంటర్ గేర్లూ తిరుగుతుంటాయి. మోత ఇక్కడే వినిపిస్తే వెనక ఇరుసు హౌసింగ్‌ని అనుమానించే పనిలేదు. ఇక్కడ నిశ్శబ్దంగా ఉండి రోడ్డు మీదే వస్తుంటే, ఒకే స్పీడులో మూడు, నాలుగు, అయిదు గేర్లు మార్చి వినండి. గేరుతో పాటు మోత మారితే గేర్ బాక్సు. మారకపోతే దాని వెనక ఉన్నవి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఒకలా, తొక్కినప్పుడు ఒకలా ఉంటే క్రౌన్ పినియన్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల జత) వైపు చూడాలి. మలుపు తిరిగేటప్పుడు మారితే వీల్ బేరింగు.

ఇంకా తేలకపోతే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేయండి. ముందు చక్రాల హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్‌కి కలిపే లాకులు) లాక్ చేసి ఫోర్ హెచ్‌లో (నాలుగు చక్రాలకీ శక్తి పంపే హై రేంజిలో) వేస్తే బండి ముందు చక్రాలతోనే నడుస్తుంది. మోత ఆగిపోతే దోషం వెనక వైపుదే. విప్పే ముందు రెండు ఫ్లాంజీల (షాఫ్టుని బోల్టులతో బిగించే అంచుల) మీదా పెయింటుతో గీత పెట్టుకోండి. మళ్లీ అదే గీతకి బిగించకపోతే లేని వైబ్రేషన్ కొత్తగా మొదలవుతుంది.

ఇక రబ్బర్ల సంగతి. ఫోర్ ఎల్‌లో (నాలుగు చక్రాలకీ శక్తి పంపే లో రేంజిలో) ఎత్తు ఎక్కుతుంటే లివర్ జారిపోతోందని చెప్తే, మెకానిక్కులు వెంటనే "ఫోర్కు అరిగింది, విప్పాలి" అంటారు. ఫోర్కంటే లివర్ వేసినప్పుడు లోపల గేరుని జరిపే కొమ్మ. ఒక్క క్షణం ఆగండి. లివర్ ఉండేది బాక్సు మీదే, ఫ్లోర్‌లో కోసిన కంత లోంచి పైకి వస్తుంది. బ్రేకు గట్టిగా తొక్కి, ఫోర్ ఎల్ మొదటి గేరులో క్లచ్‌ని మెల్లగా అందుకునేదాకా వదలండి, చూపు లివర్ మీదే పెట్టండి. రబ్బర్లు బాగుంటే లివర్ కొద్దిగా వణికి ఆగుతుంది. చిరిగిపోయి ఉంటే బాక్సు మొత్తం మెలి తిరిగి లివర్ పక్కకి ఒరుగుతుంది, కంత అంచుకి కొట్టుకుంటుంది కూడా. గేరుని బయటకి తోస్తున్నది ఆ అంచే. నా బండికి రబ్బర్లు మార్చాక జారడం పూర్తిగా ఆగిపోయింది. క్లచ్ వదిలినప్పుడల్లా వచ్చే 'ఠక్' కూడా పోయింది. రబ్బర్లు బాగున్నా జారుతుంటేనే గేరుని గాడిలో పట్టి ఉంచే లాకింగ్ స్ప్రింగులు, గోళీలు, ఆ తర్వాతే ఫోర్కు.

లివర్ ఇరుక్కుపోవడం వేరే విషయం. ముందు, వెనక ఇరుసులు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ ఇందులో లేదు. తారురోడ్డు మీద ఫోర్ హెచ్‌లో మలుపులు తిరిగితే ముందు, వెనక ఇరుసులు వేర్వేరు దూరాలు పోవాల్సి వచ్చి, షాఫ్టుల్లో మెలి పేరుకుంటుంది. అప్పుడు లివర్ రాదు. బలంగా లాగొద్దు. నాలుగడుగులు రివర్సులో తిన్నగా వెళ్తే దానంతటదే వదులుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకేలాంటి అరుగుదల ఉండాలనేది కూడా ఇందుకే. ముందు రెండూ కొత్తవి, వెనక రెండూ గుండ్లు అయితే తిన్నగా పోతున్నా మెలి పడుతుంది.

ఫోర్ వీల్ పడటం లేదు, కానీ డాష్‌బోర్డులో లైటు వెలుగుతోంది అంటే ముందు హబ్‌లు చూడండి. ముందు చక్రాన్ని జాకీతో లేపి, హబ్ లాక్ చేసి చేత్తో తిప్పితే దానితో పాటు యాక్సిల్ షాఫ్ట్ కూడా తిరగాలి. చక్రం ఒక్కటే తిరిగితే హబ్ పట్టడం లేదు. బాక్సుకీ దానికీ సంబంధం లేదు.

వాగులు దాటేవాళ్లు ఆయిల్ మీద కన్నేసి ఉంచాలి. వేడెక్కిన బాక్సు చల్లని నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ (గాలి ఆడే కంత) నుంచో అరిగిన సీల్ నుంచో నీళ్లని లాక్కుంటుంది. మారేడుమిల్లి వానాకాలం అయ్యాక నేను తప్పకుండా డ్రెయిన్ ప్లగ్ విప్పుతాను. పాలు కలిసిన టీ రంగులో వస్తే నీళ్లు చేరినట్టే, అప్పుడే మార్చేయాలి. వేళ్ల మధ్య రుద్దితే బూడిదరంగు మెత్తటి పేస్టు తగిలిందంటే అది మామూలు అరుగుదలే. గోరుతో పట్టుకోగలిగిన రేకులు, గేరు పంటి ముక్కలు కనిపించినప్పుడు మాత్రం బాక్సు విప్పక తప్పదు. పట్టే ఆయిల్ లీటరులోపే, దానికి ఖర్చు లెక్క చూసుకోవడం అనవసరం.

సీల్ నుంచి కారుతుంటే సీల్ ఒక్కటే మార్చి పంపే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఫ్లాంజిని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. కదిలితే బేరింగు పోయింది. ఎంత మంచి సీల్ వేసినా కొన్నాళ్లకే మళ్లీ కారుతుంది. ఎలాగూ బాక్సు దింపాక బేరింగులు, సీళ్లు సెట్టుగా మార్చేయడమే మేలు. కూలీ ఖర్చు దింపడానికీ ఎక్కించడానికే ఎక్కువ.

సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నవాళ్లు అమ్మే మనిషి ముందే ఆ న్యూట్రల్ పరీక్ష, క్లచ్ వదిలి లివర్ చూసే పరీక్ష చేయండి. రబ్బర్లు, క్రాసులు పోయిన బండిని బేరమాడి తీసుకోవచ్చు. ఆయిల్‌లో పంటి ముక్కలు కనిపించిన బండిని మాత్రం, బాడీ ఎంత మెరుస్తున్నా, నేనైతే తీసుకోను.