'నౌ అండ్ జెన్': ఏడో పాట కోసం ఇన్నేళ్లుగా వింటున్న ఆల్బమ్

బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్‌ని ప్రాణంగా చూసుకునే వాళ్లు దాని గాయకుడు రాబర్ట్ ప్లాంట్ సోలో ఆల్బమ్‌ల దగ్గరికొచ్చేసరికి మొహం చిట్లిస్తారు. 1988లో వచ్చిన 'నౌ అండ్ జెన్' పేరెత్తితే ఇంకా ఎక్కువ. పాప్‌లోకి దిగిపోయాడని ఒక్క మాటలో తేల్చేస్తారు. దిగాడు, కాదనను. కానీ అలా దిగబట్టే 'షిప్ ఆఫ్ ఫూల్స్' మనకి దక్కింది. క్యాసెట్ రోజుల నుంచి నేను ఈ ఆల్బమ్‌ని వదలకపోవడానికి ముఖ్యకారణం ఇందులో ఏడోదైన ఆ పాటే.

మొదట్లో నన్ను పట్టేసింది మాత్రం 'టాల్ కూల్ వన్'. 1986లో హిప్-హాప్ బృందం బీస్టీ బాయ్స్ తమ మొదటి ఆల్బమ్‌లో జెప్పెలిన్ ముక్కలు కోసి వాడుకున్నారు కదా, రెండేళ్లు తిరగకుండానే ప్లాంట్ కూడా అదే పని చేశాడు, అదీ తన పాత పాటల మీదే. 'హోల్ లాటా లవ్', 'బ్లాక్ డాగ్', 'ది ఓషన్' ముక్కలు శాంప్లర్‌లోంచి (పాత రికార్డుల ముక్కల్ని వాయించే యంత్రం) తన్నుకొస్తుంటే, వాటి పక్కనే సాక్షాత్తూ జెప్పెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ వచ్చి కొత్తగా గిటార్ వాయించాడు. 1980లో డ్రమ్మర్ జాన్ బోనమ్ పోయాక బ్యాండ్ ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు తన కచేరీల్లో ప్లాంట్ జెప్పెలిన్ పాటల జోలికే వెళ్లలేదు. అలాంటి మనిషి తన గతాన్ని ఇంత ధైర్యంగా ముక్కలు చేసి ఆడుకోవడం చూసి పొంగిపోయాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ చివరి భాగం వినిపించేవాణ్ని.

ఆ తెగువంటే ఇప్పటికీ గౌరవమే. అయితే ఏ ముక్క ఎక్కడ వస్తుందో తెలిసిపోయాక ఆ పాటలో నాకు కొత్తగా దొరికేది తక్కువ. ఈమధ్య అది వస్తే ఆపను, కావాలని పెట్టుకోను కూడా.

'షిప్ ఆఫ్ ఫూల్స్' నాకు ఆలస్యంగా అందింది. క్యాసెట్ రెండో వైపు నడుస్తుంటే అదొక నెమ్మది పాటగా వచ్చిపోయేది, అంతే. ఇంట్లో చంటిబిడ్డ ఉన్న రోజుల్లో సౌండ్ బాగా తగ్గించి పెట్టుకోవలసి వచ్చేది. అలా వింటే ఈ ఆల్బమ్‌లోని హుషారు పాటలన్నీ తేలిపోతాయి. 'డాన్స్ ఆన్ మై ఓన్' లాంటివాటిలో టకటకమనే డ్రమ్ము చప్పుడు తప్ప ఏమీ మిగలదు. ఏడో పాట దగ్గరికి రాగానే మాత్రం ఉన్నట్టుండి మనిషి ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టయింది. డగ్ బాయిల్ గిటార్ తేటగా, ఒక్కో స్వరం విడివిడిగా వినిపిస్తుంది. దాని మీద ప్లాంట్ దాదాపు గొంతు తెరవకుండానే మొదలుపెడతాడు. మాట చివర్లని సాగదియ్యకుండా గాలిలోకి వదిలేస్తాడు, పదానికీ పదానికీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది. జెప్పెలిన్ 'ఇమిగ్రెంట్ సాంగ్'లో కేక పెట్టిన గొంతు ఇదేనా అనిపించింది.

అసలు గొప్పతనం ఆ తర్వాత ఉంది. పడవని వెనక్కి, తన వాళ్లున్న గడ్డకి తిప్పమని వేడుకునే చోటికి వచ్చేసరికి స్వరం పైకి లేస్తుంది. ఇంక అరుస్తాడని మనం సిద్ధమైపోతాం. అరవడు. ఆ పై స్వరంలోనే నిలబడి, బతిమాలుతున్నట్టు తిప్పుకుంటాడు. అరవగలిగిన వాడు అరవకుండా ఆపుకోవడంలో ఎంత బాధ పలుకుతుందో నాకు తెలిసింది ఈ పాటలోనే. అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు కూడా నిండలేదు. తర్వాతి రోజుల్లో అమెరికన్ గాయని అలిసన్ క్రాస్‌తో కలిసి పాడినప్పుడు ఆ మెత్తదనాన్ని అందరూ కొత్త సంగతిలా మెచ్చుకున్నారు. దాని విత్తనం ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

మిగతా పాటల సంగతి టూకీగా. 'హెవెన్ నోస్' ప్లాంట్ రాసింది కాదు, ఫిల్ జాన్‌స్టన్, డేవిడ్ బారట్ రాశారు. కిర్స్టీ మెకాల్ వెనక గొంతు కలిపింది, పేజ్ సోలో వాయించాడు, బ్రహ్మాండంగా కుదిరింది. 1950ల నాటి పాటల్ని తలుచుకునే 'వైట్, క్లీన్ అండ్ నీట్' అంటే నాకు ఇష్టమే, కాకపోతే సాగింది. 'వై' దగ్గర నేను ముందుకి జరిపేస్తాను. 'వాకింగ్ టువర్డ్స్ పారడైజ్' నా క్యాసెట్‌లో లేదు, సీడీ కొన్నాకే విన్నాను. దాని కోసమే సీడీ కొనక్కర్లేదు.

నాకు మింగుడుపడనిది డ్రమ్ముల శబ్దం. వాయించిన క్రిస్ బ్లాక్‌వెల్‌ది తప్పనను. ఆ రోజుల్లో స్టూడియోల్లో అందరూ ప్రతి దెబ్బకీ అంతేసి ప్రతిధ్వని తగిలించేవారు. పెద్ద స్పీకర్లలో పెడితే కీబోర్డులూ ఆ దెబ్బలూ కలిసి పాటని కప్పేస్తాయి. బోనమ్ వాయిద్యం చెవుల్లో ఉన్నవాళ్లకి ఇది కష్టంగానే ఉంటుంది. వాళ్లతో నేను వాదించను. పాప్‌లోకి దిగాడన్న ఫిర్యాదులో నేను ఒప్పుకునే భాగం ఇదొక్కటే.

నేను వినేది రాత్రిళ్లు, చిన్న స్పీకర్ల మీద, తక్కువ సౌండులో. నా మెప్పుకోలులో ఆ పరిస్థితి వాటా ఎంతో ఉంది. కారులో హుషారు కోసం కొనేవాళ్లకి మొదటి మూడు పాటలు చాలు, మిగతావి అంతగా రుచించకపోవచ్చు. జెప్పెలిన్ గర్జనే కావాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు. కొంటే 2007 రీమాస్టర్ (శబ్దాన్ని మళ్లీ సరిచేసిన కూర్పు) తీసుకోండి, అందులో 'షిప్ ఆఫ్ ఫూల్స్' లైవ్ కూడా ఉంది. నాకైతే స్టూడియోలో పాడిందే ఇష్టం. కొనే ముందు ఆ ఏడో పాట ఒక్కటీ సౌండ్ తగ్గించి విని చూడండి.