కడుపులో ఇన్‌ఫెక్షన్ తర్వాత సెప్సిస్: కౌంట్ చూడాలా, ప్రొకాల్సిటోనిన్ చూడాలా, కణాల్లో సత్తువ చూడాలా?

"అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయింది, కౌంట్ 14,000 ఉంది, సెప్సిస్‌లోకి వెళ్తుందా?" ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. సెప్సిస్ అంటే ఇన్‌ఫెక్షన్‌కి ఒళ్లు అదుపు తప్పి స్పందించి సొంత అవయవాలనే దెబ్బతీసుకునే స్థితి. ఆ ఒక్క అంకెతో ఎవరూ చెప్పలేరు. కౌంట్ అంటే తెల్ల కణాలు ఎన్ని ఉన్నాయన్న లెక్క, అంతే. ఆపరేషన్ అప్పుడు వాంతులు రాకుండా డెక్సామెథసోన్ ఇచ్చినా పెరుగుతుంది, జబ్బు బాగా ముదిరితే 4,000 కంటే కిందికీ పడిపోతుంది.

సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) ఆపరేషన్ కోతకే పెరుగుతుంది, రెండో రోజుకి గరిష్ఠానికి చేరుతుంది. మూడో రోజు తర్వాత కూడా దిగకపోతేనే దాన్ని పట్టించుకోవాలి. లాక్టేట్ (కణాలు ఒత్తిడిలో పడితే రక్తంలో పేరుకునే పదార్థం) తప్పకుండా చేయించాలి, కానీ అది పెరిగిందంటే చాలాసార్లు ఒంట్లో దెబ్బ అప్పటికే తగిలిందని అర్థం, కాబట్టి ముందే హెచ్చరిస్తుందని దాని మీద ఆశ పెట్టుకోను.

ప్రొకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో రక్తంలో పెరిగే మరో ప్రొటీన్) వీటన్నిటికంటే మెరుగు. కొన్ని గంటల్లోనే లేస్తుంది, ఇన్‌ఫెక్షన్ అదుపులోకి వస్తే సుమారు రోజుకి సగం చొప్పున పడిపోతుంది. అయినా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా వద్దా అన్నది దీన్ని బట్టి తేల్చవద్దనే 2021 అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

నా మనసు మాత్రం కణాల మెటబాలిజం, అంటే అవి శక్తి తయారుచేసుకునే తీరు వైపే ఉంది. మామూలుగా ఉన్నప్పుడు మోనోసైట్ (ఒక రకం తెల్ల కణం) ఎక్కువగా మైటోకాండ్రియా (కణంలో ఆక్సిజన్‌తో శక్తి తయారయ్యే భాగం) మీద ఆధారపడుతుంది, బ్యాక్టీరియా ఎదురవగానే గ్లూకోజ్‌ని గబగబా వాడేసే గ్లైకాలిసిస్‌కి మారుతుంది. సెప్సిస్‌లో రోగనిరోధక శక్తి చతికిలబడ్డ రోగుల కణాల్లో ఈ రెండు దారులూ దెబ్బతింటాయని 2016లో వచ్చిన పరిశోధన చూపించింది. అలాంటి కణాలు ఎన్ని వేలుంటే ఏం లాభం?

కణాల్లో ఈ సత్తువని కొలిచే ల్యాబ్ పరీక్ష జరిగే తీరు చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. కణాలు ఆక్సిజన్ వాడే వేగం తెర మీద గీతలా కనిపిస్తుంటుంది, ఆలిగోమైసిన్ (మైటోకాండ్రియాలో శక్తి తయారీని ఆపే రసాయనం) వేయగానే గీత కిందికి పడుతుంది, తర్వాత ఎఫ్‌సీసీపీ (మైటోకాండ్రియాని పూర్తి వేగంతో పరుగెత్తించే రసాయనం) వేస్తే ఒక్కసారిగా పైకి లేస్తుంది, మొదట ఉన్న మట్టం కంటే ఎంత పైకి లేచిందో అదే ఆ కణం దగ్గర మిగిలిన సత్తువ. లేవాల్సిన గీత లేవకపోతే ఆ కణానికి అవసరం పడినప్పుడు వాడుకోవడానికి ఏమీ మిగల్లేదన్నమాట. ఇది కౌంట్‌లోనూ కనపడదు, సీఆర్‌పీలోనూ కనపడదు.

ఇబ్బందులు చిన్నవి కావు. రక్తం తాజాగా ఉండాలి, కణాలు వేరు చేయడానికే గంటలు పడుతుంది, ఎంతకి దిగితే ప్రమాదం అన్న గీటు ఇంకా ఖరారు కాలేదు. న్యూట్రోఫిల్స్‌లో (మరో రకం తెల్ల కణాలు) మైటోకాండ్రియా తక్కువ కాబట్టి వాటిని మోనోసైట్లతో కలిపి కొలిస్తే లెక్కంతా కలగాపులగం అవుతుంది. సెప్సిస్‌లో గంటలే ముఖ్యం కదా, మంచం దగ్గర గంటలోపు జవాబు రానంత వరకు ఇది ల్యాబ్‌లోనే ఉండిపోతుంది.

అందుకని ఇప్పటికైతే ప్రొకాల్సిటోనిన్ ఒక్కసారి చేయించి వదలకుండా మర్నాడు మళ్లీ చేయించి పోల్చండి, పక్కనే లాక్టేట్, ఊపిరి వేగం, మూత్రం ఎంత వస్తోంది, మనిషి స్పష్టంగా మాట్లాడుతున్నాడా అన్నవీ చూడండి. ఆపరేషన్ తర్వాత అంకెలు దిగకుండా మొండికేస్తే యాంటీబయాటిక్ మార్చి ఊరుకోకండి, లోపల చీము మిగిలిందా, కుట్టు దగ్గర లీక్ ఉందా అని స్కాన్ గురించి ఆ రోజే అడగండి.