ప్లాస్టిక్ నుంచి డీజిల్ అని షేర్లు అమ్ముతున్నారు, దయచేసి డబ్బు కట్టకండి

వేస్ట్ ప్లాస్టిక్ నుంచి డీజిల్ తీస్తామంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ కంపెనీ గురించే. పేరు చెప్పక్కర్లేదు. ఆ పీపీటీ, డ్రమ్ములోకి నూనె ధార పడే ఆ వీడియో మీలో చాలామందికి వచ్చే ఉంటాయి. ఐపీఓకి (కంపెనీ స్టాక్ మార్కెట్లోకి రావడానికి) ముందే షేర్లిస్తామని నా దగ్గర 3 లక్షలు కట్టించుకున్నారు. షేర్లు రాలేదు, డబ్బూ రాలేదు.

నిన్న హైదరాబాద్‌లో ఒక హోటల్లో ఇన్వెస్టర్ల మీటింగ్ పెట్టారు. మళ్లీ అదే వీడియో. అయ్యాక లేచి ఒక్కటే అడిగాను: "ఇప్పటిదాకా ఎన్ని లీటర్లు అమ్మారు, ఎవరికి అమ్మారు, ఒక్క జీఎస్టీ బిల్లు చూపించండి." డైరెక్టర్ నా వైపు చూడనైనా చూడకుండా పక్కనున్న కుర్రాణ్ణి "ఈయనది ఎంత?" అని అడిగాడు. వాడు ఫోన్లో వెతికి చెప్పాడు. "మూడు లక్షలకి బిల్లులు చూపించాలా సార్? కోట్లు పెట్టినవాళ్లే అడగలేదు" అన్నాడు, మైకులోనే. హాల్లో కొందరు నవ్వారు. నా పక్కన ఆర్టీసీలో రిటైరైన పెద్దాయన లేచి "నాది పీఎఫ్ డబ్బు బాబూ, ఇంట్లో అమ్మాయి పెళ్లుంది, తిరిగిచ్చేయండి" అన్నారు. "పెద్దాయనా, ఇది టెక్నాలజీ, మీకర్థం కాదు, కూర్చోండి" అన్నాడు డైరెక్టర్. ఆయన కూర్చుండిపోయారు. చేతులు వణుకుతున్నాయి. నా డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ వయసు మనిషిని అంతమందిలో అలా అనడం ఒక ఎత్తు. రాత్రంతా నిద్ర పట్టలేదు. మీటింగ్ ముగిసేలోపే మా ఇద్దరినీ వాళ్ల ఇన్వెస్టర్ల వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు.

అర్థం కానంత టెక్నాలజీ ఏమీ కాదది. గాలి తగలకుండా ప్లాస్టిక్‌ని నాలుగైదు వందల డిగ్రీలదాకా వేడి చేస్తే ఆవిరవుతుంది, చల్లారిస్తే నూనె. పైరాలిసిస్ అంటారు. వీడియోలో నూనె పడటం అబద్ధం కాదు, ఎవరు చేసినా పడుతుంది. రోజూ పడుతుందా, కొనేవాడున్నాడా అన్నది చెప్పాలి. పీపీటీలో వేసుకున్న 'టన్నుకు 800 లీటర్ల డీజిల్' లెక్క వాళ్లది కాదు, డెహ్రాడూన్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐఐపీది (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం). 2019లో ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్‌తో కలిసి పెట్టిన, రోజుకు ఒక టన్ను ప్లాంటు. అందులో వేసేది పాలిథీన్, పాలిప్రొపిలీన్ జాతి ప్లాస్టిక్. వీళ్లు మున్సిపాలిటీ చెత్తలో వచ్చింది వచ్చినట్టు వేస్తామంటున్నారు. అందులో పీవీసీ కలిస్తే యాసిడ్ పుట్టి యంత్రాన్నే తినేస్తుంది. నీళ్ల సీసాల ప్లాస్టిక్ నుంచి నూనె సరిగా రాదు. వచ్చిన నూనె కూడా నేరుగా బండిలో పోసేది కాదు. బండ్లకి అమ్మే బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) దాటకూడదు, ఇంకా బోలెడు పరీక్షలుంటాయి. అంత శుద్ధి చేయలేకపోతే బాయిలర్లకి, ఫర్నేసులకి అమ్ముకోవాలి, ఆ ధర వేరు. వీళ్ల లాభాల పట్టిక మొత్తం బంకు డీజిల్ ధరతో వేశారు!

అమెరికాలో ప్లాస్టిక్2ఆయిల్ పేరుతో ఇదే వ్యాపారం నడిపిన జేబీఐ కంపెనీ మీద 2012 జనవరిలో అక్కడి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ కేసు పెట్టింది. నయాగరా ఫాల్స్‌లో ప్లాంటు నిజంగానే ఉంది, నూనె నిజంగానే వచ్చింది. తేడా పట్టుకున్నది ఖాతాల్లో. 2009 లెక్కల్లో మీడియా క్రెడిట్లు (పత్రికల్లో, రేడియోలో ప్రకటనలు వేసుకునే హక్కులు) అనే ఆస్తికి లేని విలువ చూపించి ఇన్వెస్టర్ల దగ్గర డబ్బు తీసుకున్నారన్నది ఆరోపణ. అందుకే "మేం ప్లాంటు చూసొచ్చాం" అని ఎవరైనా చెబితే నమ్మకండి, ఖాతాలు చూడండి.

ఎవరైనా ఇలా షేర్లిస్తామంటే పీఏఎస్-4 ఆఫర్ లెటర్ (చట్టప్రకారం కంపెనీ ఇవ్వాల్సిన పత్రం) అడగండి. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్లో లాభనష్టాల ఖాతా తీసి అమ్మకాలెంతో చూడండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కాగితం అడగండి. ఇలా ఎంపిక చేసిన కొందరికే షేర్లమ్మడాన్ని ప్రైవేట్ ప్లేస్‌మెంట్ అంటారు, అది ఏడాదికి 200 మందికి మించకూడదు, ఆ గ్రూపులోనే అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, లేదంటే ఆపై 15 రోజుల్లో తిరిగివ్వాలి, అదీ దాటితే 12 శాతం వడ్డీ కట్టాలి. ఇది చట్టం.

రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కి, పోలీసు ఆర్థిక నేరాల విభాగానికి ఫిర్యాదు ఇస్తున్నాను. డబ్బు కట్టినవాళ్లు మెసేజ్ చేయండి, కలిసి వెళ్దాం. బ్యాంకు రసీదులు, చాట్ స్క్రీన్‌షాట్లు ఈరోజే దాచుకోండి, మిమ్మల్ని కూడా గ్రూపులోంచి తీసేయకముందే.