పాత ఫోన్ కొనేముందు కేవైఎం కొట్టండి: షాపు నడిపేవాడిగా నా రివ్యూ

వరంగల్‌లో మాది పాత ఫోన్లు కొని, బాగుచేసి అమ్మే షాపు. ఈ వ్యాపారంలో మాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది పగిలిన డిస్‌ప్లే కాదు, బిల్లూ బాక్సూ లేకుండా వచ్చే ఫోన్. కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో ఉన్న కేవైఎం (నో యువర్ మొబైల్, అంటే ఫోన్ కొనదగ్గదో కాదో చూసుకునే) సేవ ఆ టెన్షన్‌ను చాలావరకు తీర్చింది. 2023 మేలో దేశమంతటికీ వచ్చింది, సేవకు రుసుము లేదు.

వాడటం తేలిక. ఫోన్‌లో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, కనిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని టైప్ చేసి, కాస్త ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపాలి. బ్రాండ్, మోడల్ వస్తాయి. బ్లాక్‌లిస్ట్‌లో ఉన్నా, డూప్లికేట్ అయినా, ఆల్‌రెడీ ఇన్ యూజ్ అని వచ్చినా ఆ ఫోన్ కొనకూడదు.

మొన్నామధ్య ఒక కుర్రాడు ఖరీదైన సామ్‌సంగ్ తెచ్చాడు. గీత కూడా పడలేదు. కేవైఎం కొడితే ఏదో కీప్యాడ్ ఫోన్ మోడల్ వచ్చింది. ఐఎంఈఐలో మొదటి 8 అంకెలు మోడల్‌ను చెబుతాయి, కాబట్టి ఎవరో నంబరు మార్చేశారన్నమాట. "ఎంతో కొంత ఇవ్వన్నా" అని బతిమాలాడు. "ఇది నేను ముట్టుకోను తమ్ముడూ" అని తిప్పి పంపేశాను. 2023 టెలికాం చట్టం ప్రకారం ఐఎంఈఐ మారిస్తే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అసలు మార్పు ఆన్‌లైన్‌లో వచ్చింది. పాత సామాన్లు అమ్మే యాప్‌లలో, వాట్సాప్ గ్రూపుల్లో దొంగ ఫోన్‌కైనా సొంత ఫోన్‌కైనా ఫొటో ఒకేలా ఉంటుంది. ఇదివరకు ఐఎంఈఐ అడిగినా కొనేవాడికి అవి ఉత్త అంకెలే. ఇప్పుడు చాట్‌లోనే అడగండి. సొంత ఫోన్ అమ్ముకునేవాడు వెంటనే స్క్రీన్‌షాట్ పెడతాడు. దొంగ సరుకువాడు "వచ్చి చూసుకోండి" అంటాడు, లేదా జవాబే ఇవ్వడు. బేరం దాకా వెళ్లకుండానే విషయం తేలిపోతుంది.

అలాగని దీన్నే పూర్తిగా నమ్ముకోవద్దు. పోగొట్టుకున్నవాళ్లు పోలీసు ఫిర్యాదు చేసి, సీఈఐఆర్ అనే పోయిన ఫోన్ల కేంద్ర పోర్టల్‌లో నమోదు చేసి బ్లాక్ చేయించేదాకా దొంగ ఫోన్ కూడా శుభ్రంగానే కనిపిస్తుంది. ఉదయం కొట్టేసి మధ్యాహ్నం యాప్‌లో పెడితే కేవైఎం పట్టుకోలేదు. అందుకే నేను బిల్లు, ఆధార్ కాపీ కూడా అడుగుతాను. దేశం దాటిన ఫోన్ మీద మన బ్లాక్ పనిచేయదు. 2024లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఫోన్లను సుడాన్‌కు పంపేది. ఇక డిస్‌ప్లే, బ్యాటరీ లాంటి భాగాలు విడదీసి అమ్మితే వాటిని వెతకడానికి ఐఎంఈఐ ఉండదు.

నాకు కోపం తెప్పించేది ఒక్కటే. ప్రకటన పెట్టేటప్పుడే ఐఎంఈఐ అడిగి సరిచూడటం యాప్‌లకు పెద్ద పని కాదు. నేను వాడే యాప్‌లో ఆ గడే లేదు. "ఒరిజినల్, బిల్లు పోయింది" అన్న ప్రకటనలు రోజూ కనిపిస్తాయి. రిపోర్ట్ కొట్టినా కదలిక లేదు. కూలి చేసి దాచుకున్న డబ్బుతో ఫోన్ కొని, నెల తిరక్కముందే పోలీసులకు అప్పగించాల్సి వచ్చినవాళ్లు మా షాపుకొచ్చి ఏడుస్తుంటే చూడలేం.

మీరు మాత్రం డబ్బు ఇచ్చేముందే కేవైఎం చూడండి. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఐఎంఈఐలు ఉంటాయి, రెండూ చూడాలి. బాక్సు ఇస్తే దాని మీది నంబరుతో కూడా పోల్చుకోండి.