సర్కారు లెక్కలకు కాపలా: మన కమిషనా, బ్రిటన్ చట్టమా, గ్రీస్ పద్ధతా? ఏది మేలు?

నిరుద్యోగం ఎంత, ధరలు ఎంత పెరిగాయి, జీడీపీ ఎంత అన్నది లెక్కగట్టేదీ ప్రభుత్వమే, ఆ లెక్కతో మంచిపేరో చెడ్డపేరో తెచ్చుకునేదీ ప్రభుత్వమే. అందుకే మధ్యలో సర్కారుకు చెందని కాపలా ఒకటి ఉండాలని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఆ కాపలాదారు చేతికి ఏ అధికారం ఇవ్వాలన్న దగ్గరే పేచీ.

మన సంగతి ముందు చూద్దాం. సి. రంగరాజన్ అధ్యక్షతన వేసిన కమిషన్ 2001లో నివేదిక ఇస్తూ, గణాంకాలకు శాశ్వతమైన, చట్టబద్ధమైన ఉన్నత సంస్థ కావాలని చెప్పింది. ప్రభుత్వం 2005లో జాతీయ గణాంక కమిషన్‌ను ప్రకటించింది, 2006 జూలై నుంచి అది పని మొదలుపెట్టింది. కానీ చట్టంతో కాదు, ఒక ప్రభుత్వ తీర్మానంతో. అధ్యక్షుడు, సభ్యులు పార్ట్‌టైమ్. సలహా ఇస్తారు, నివేదికలు చూస్తారు, బాగుంటే ఆమోదిస్తారు. వినకపోతే ఏం చేయాలో ఆ తీర్మానంలో లేదు.

ఆ లోటు 2018 డిసెంబర్‌లో బయటపడింది. 2017-18 కార్మిక సర్వే నివేదికను కమిషన్ ఆమోదించింది. అందులో నిరుద్యోగ రేటు 6.1 శాతం. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, నివేదిక మాత్రం బయటికి రాలేదు. 2019 జనవరి చివర్లో తాత్కాలిక అధ్యక్షుడు పి.సి. మోహనన్, సభ్యురాలు జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. రెండు మూడు రోజుల్లోనే ఆ అంకె ఒక పత్రికలో వచ్చేసింది. అది తుది నివేదిక కాదని ప్రభుత్వం వాదించింది. చివరికి మే 31న, కొత్త ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసిన మరునాడు, అధికారికంగా విడుదల చేశారు. అంకె అదే, 6.1.

ఇక్కడ అంకె మార్చారని ఎవరూ అనలేదు. తారీఖు మార్చారన్నదే ఆరోపణ. దేశమంతా ఓటేసి వచ్చాక చెప్పే నిజం నిజమే కావచ్చు, అప్పటికి దాంతో ఓటరుకు పనిలేదు.

బ్రిటన్ 2007లో చట్టం చేసింది. 2008 ఏప్రిల్ నుంచి యూకే స్టాటిస్టిక్స్ అథారిటీ నడుస్తోంది. అది మంత్రికి కాదు, పార్లమెంటుకు జవాబు చెబుతుంది. ఎవరికీ జరిమానా వేయలేదు, ఎవరినీ జైలుకు పంపలేదు. దాని చేతిలో ఉన్నవి రెండే: ఒకటి ఉత్తరం, రెండోది ముద్ర. 2017 సెప్టెంబర్‌లో విదేశాంగ మంత్రిగా ఉన్న బోరిస్ జాన్సన్, ఐరోపా కూటమి నుంచి బయటికొస్తే వారానికి 35 కోట్ల పౌండ్లు తమ చేతికి వస్తాయని మళ్లీ రాస్తే, అథారిటీ అధ్యక్షుడు డేవిడ్ నార్‌గ్రోవ్ అది అధికారిక గణాంకాల దుర్వినియోగమేనని బహిరంగంగా లేఖ రాశారు. జాన్సన్ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. లేఖ మాత్రం రికార్డులో ఉంది, పదవిలో ఉన్న మంత్రి పేరు మీదే ఉంది.

ముద్ర సంగతి నాకు ఇంకా నచ్చుతుంది. నాణ్యత ఉన్న లెక్కలకు ‘జాతీయ గణాంకం’ అనే గుర్తింపు ఇచ్చేవారు, ఇప్పుడు దాన్నే ‘అక్రెడిటెడ్’ అధికారిక గణాంకం అంటున్నారు. పోలీసులు నమోదు చేసే నేరాల లెక్కలు నమ్మేలా లేవని 2014 జనవరిలో ఆ గుర్తింపు తీసేశారు. లెక్కలు ప్రచురిస్తూనే ఉన్నారు, పక్కన ముద్ర లేదంతే. అంకెను ఆపకుండా, దాని మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో జనానికి చెప్పే పద్ధతి ఇది.

లోపం లేదని కాదు. లెక్కలు తయారుచేసే ఆఫీసు, వాటిని తనిఖీ చేసే విభాగం రెండూ ఒకే అథారిటీ గొడుగు కింద ఉన్నాయి. అత్తగారి వంటకు కోడలు మార్కులేసినట్టు. 2023లో కార్మిక సర్వేకు జవాబిచ్చేవాళ్లు బాగా తగ్గిపోయి, అక్టోబర్‌లో ఆ అంకెల ప్రచురణే కొంతకాలం ఆపాల్సి వచ్చింది. చట్టం మంత్రిని దూరం పెట్టగలిగింది కానీ సర్వే కుంగిపోవడాన్ని ఆపలేకపోయింది.

గ్రీస్ 2010లో స్వతంత్ర సంస్థ ఎల్‌స్టాట్ పెట్టింది. ఐఎంఎఫ్‌లో పనిచేసొచ్చిన ఆండ్రియాస్ జార్జియూ దాని అధిపతి. 2009 బడ్జెట్ లోటు జీడీపీలో 13.6 శాతం కాదు, 15.4 శాతం అని ఆ నవంబర్‌లో తేల్చారు, ఐరోపా గణాంక సంస్థ ఒప్పుకుంది. సొంత దేశం మాత్రం ఆయన్ను కోర్టుల చుట్టూ తిప్పింది. 2017లో రెండేళ్ల సస్పెండెడ్ శిక్ష (వెంటనే జైలుకు పంపకుండా నిలిపి ఉంచే శిక్ష) పడింది. నేరం ఏమిటంటే, అంకెలను బోర్డు ముందు ఓటింగ్‌కు పెట్టకపోవడం! లెక్కల విషయంలో తుది నిర్ణయం గణాంక అధిపతిదేనని ఐరోపా నియమావళి చెబుతున్నా ఇదీ పరిస్థితి. ఒక్కరి చేతిలో అధికారం పెడితే రాజకీయమంతా ఆ ఒక్కరి మీదే పడుతుంది. 2025 ఆగస్టులో అమెరికాలో కార్మిక గణాంకాల కమిషనర్‌ను ట్రంప్ ఒక్క రోజులో తీసేశారు, ఉద్యోగాల అంకెలు వచ్చిన రోజే.

మరి ఏది మేలు? నా ఓటు బ్రిటన్ చట్టానికి, రెండు మార్పులతో. తనిఖీ విభాగం వేరే కప్పు కింద ఉండాలి. ‘ఆమోదం’ అనే మెట్టు ఉండకూడదు. ఇది వింతగా అనిపించవచ్చు, స్వతంత్ర కమిషన్ ఆమోదిస్తే మంచిదే కదా అని. కానీ అంకె ఎంతుండాలో ఓటేసే బోర్డు ఎంత ప్రమాదమో గ్రీస్‌లో చూశాం, ఆమోదించాక కూడా విడుదల చేయించలేని కమిషన్ ఎంత నిస్సహాయమో మన దగ్గర చూశాం. కాపలాదారుకు పద్ధతి ప్రశ్నించే హక్కు, ముద్ర తీసేసే హక్కు, బహిరంగంగా రాసే హక్కు చాలు. విడుదల తారీఖు ఏడాది ముందే చట్టప్రకారం ఖరారై, ఆ రోజు ఎవరి సంతకమూ అక్కర్లేకుండా అంకె బయటికి రావాలి.

రాష్ట్రాల్లో పరిస్థితి ఇంకా పలుచన. తెలంగాణ కులగణనలో ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతమని 2025 ఫిబ్రవరిలో వచ్చాక, 2014 సమగ్ర సర్వేతో పోల్చి ప్రతిపక్షాలు గొడవ చేశాయి. ఆ తర్వాతే జస్టిస్ సుదర్శన్ రెడ్డి అధ్యక్షతన నిపుణుల బృందం వేశారు. బృందం ఎంత మంచిదైనా, లెక్క బయటికొచ్చాక లెక్కవేసినవాళ్లే నియమించింది కాబట్టి అనుమానించేవాళ్లు అనుమానిస్తూనే ఉంటారు. సర్వే ఫారం తయారయ్యే రోజు నుంచే చూసే సంస్థ ఉండుంటే సగం వాదన లేచేదే కాదు.

జాతీయ గణాంక కమిషన్ బిల్లు ముసాయిదాను కేంద్రం 2019 డిసెంబర్‌లో అభిప్రాయాల కోసం పెట్టింది. కావాలంటే చట్టం కోసం ఆగకుండా, 2005 నాటి తీర్మానాన్నే సవరించి తారీఖుల నియమం చేర్చవచ్చు. ఒక కొత్త తీర్మానం చాలు. అయితే తర్వాతి ఎన్నికల ముందు దాన్ని తీసేయడానికీ ఇంకో తీర్మానమే చాలు.